ఐసు పెట్టెలో మందు

"అమ్మా, అయ్య కాళ్ళు గట్టిగా పట్టుకో! మంచం మీంచి పడిపోతన్నాడు!"

గోవింద్ అరుపుకి లక్ష్మణమ్మ ఉలిక్కిపడి మొగుడి పాదాలు రెండూ ఒళ్ళోకి లాక్కుంది.

గంగులు మంచం మీద మెలికలు తిరిగిపోతున్నాడు. వయసంతా సముద్రం మీదే గడిపి, తుపానులో పడవ తిరగబడిన నాడు కూడా నోరెత్తని మనిషి, ఆ మధ్యాహ్నం పక్క వీధికి వినపడేలా మూలుగుతున్నాడు. కడుపులో గడ్డ. కోసి తీసే అదను దాటిపోయిందని డాక్టర్లు ఏనాడో చేతులెత్తేశారు. మాత్ర మింగితే కడుపులో నిలవదు. ఇక మిగిలింది నెప్పి తెలియకుండా చూడడం ఒక్కటే.

ఆ పనికి ఆసుపత్రి వాళ్ళొక ఏర్పాటు చేశారు. ఛాతీ దగ్గర చర్మం కింద ఒక సన్న సూది, దానికో గొట్టం, గొట్టం చివర చిన్న సీసా. సీసాలో రబ్బరు బుడగ, బుడగ నిండా మందు. కరెంటుతో పని లేదు, ఎవరూ నొక్కనక్కర్లేదు. బుడగ తనంతట తాను ముడుచుకుంటూ చుక్కా చుక్కా లోపలికి పంపుతుంది. ఇంట్లో అందరూ దాన్ని మందుబుడ్డి అంటారు.

పొద్దున్నే కొత్త బుడ్డి తగిలించారు. నెప్పి అదుపులో ఉండాలి. ఉండకపోగా, ఎండ ముదిరేకొద్దీ పెరిగింది.

"ఉషని... ఉషని పిలండి," అన్నాడు గంగులు, పళ్ళు బిగించి.

లక్ష్మణమ్మ చేతులు ఆగిపోయాయి. పాదాలు తన ఒళ్ళో ఉన్నాయి. పిలుపు మాత్రం ఉషకి.

"పిలిసినాను అయ్యా, దారిలో ఉన్నాది," అన్నాడు గోవింద్. తల్లి వైపు తిరిగాడు. "ఏటమ్మా ఇది? ఆ మందు మంచిదేనా? ఉషొదిన ఏటి తెచ్చి ఇచ్చింది మనకి?"

"నాకేటి తెలుస్తాది?" అంది లక్ష్మణమ్మ. "ఆవిడ తెచ్చిందే. ఆవిడ మందే."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

ఉష పరాయిది కాదు. గంగులు సొంత అక్క కూతురు. మేనమామకి అక్క కూతుర్ని ఇవ్వడం వాళ్ళలో ఆనవాయితీ. ఆ పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పుడే "ఇది మా గంగులు పెళ్ళాం" అని ఊరంతా ఖాయం చేసేసింది. తీరా ఈడొచ్చాక ఉష శ్రీకాకుళం వెళ్ళి నర్సు చదువులో చేరింది. గంగులు లక్ష్మణమ్మ మెడలో తాళి కట్టాడు. ఎవరు వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు. ఉష మాత్రం ఇప్పటిదాకా పెళ్ళి చేసుకోలేదు.

ఇన్నేళ్ళూ ఆ సంగతి చెప్పులో రాయిలా అప్పుడప్పుడు గుచ్చుకునేది, అంతే. కానీ ఇలాంటి రోగుల్ని ఇళ్ళకి వెళ్ళి చూసే నర్సుగా ఉష తమ గుమ్మంలోకే వచ్చిన దగ్గర్నుంచి లక్ష్మణమ్మకి కంటి మీద కునుకు లేదు. బుడ్డి వేలాడదీయడానికి పొందూరు ఖద్దరుతో మెత్తటి సంచి కుట్టి తెచ్చింది ఉష. పాత చీర చింపి తనూ ఒకటి కుట్టింది లక్ష్మణమ్మ. "ఇదే మెత్తగా ఉన్నాదిలే," అని గంగులు ఖద్దరు సంచినే ఉంచుకున్నాడు. ఆ పూట ఆమె అన్నం తినలేదు. ఎందుకు తినలేదని అడిగినవాళ్ళూ లేరు.

గుమ్మం ముందు స్కూటీ ఆగింది.

ఉష లోపలికి వస్తూనే చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళింది.

"ఏటైనాది మావా? ఎక్కడ? ఇక్కడేనా?"

నుదుటి మీద ఆమె చెయ్యి పడగానే గంగులు మూలుగు సన్నగిల్లింది. మందు లేదు, మాకు లేదు. ఉత్త చెయ్యి. పొద్దుటి నుంచీ పట్టుకున్న తన చేతులు ఎందుకు పనికొచ్చినట్టో లక్ష్మణమ్మకి తెలియలేదు. ఒళ్ళు భగ్గుమంది.

ఉష ఆసుపత్రి డాక్టర్ గణపతిరావుకి ఫోన్ చేసి, ఆయన సరే అన్నాక సంచిలోంచి ఇంజెక్షను తీసి చేసింది. "కాసేపట్లో సర్దుకుంటాది మావా. కళ్ళు మూసుకో," అంది. తర్వాత గోవింద్ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఈ సూదిమందు సాయంత్రం దాకా కూడా పనిసెయ్యదు. బుడ్డి సంగతి సూడాల."

మంచం పక్కన వేలాడుతున్న ఖద్దరు సంచిలోంచి బుడ్డి బయటికి తీసింది. బుడగ పొద్దున ఎంత ఉందో ఇంచుమించు అంతే ఉంది. కిటికీ వెలుగుకి ఎత్తి చూసింది. బుడగ అడుగున తెల్లగా, సన్నగా, పంచదార పలుకుల్లాంటివి పేరుకుని ఉన్నాయి.

ఉష మొహంలో రంగు దిగిపోయింది.

"అత్తా, పొద్దున నువ్వు మార్సినప్పుడు ఈ పలుకులున్నాయా?"

"సూడలేదు. నువ్వు తెచ్చిందే తగిలించినాను."

అబద్ధం కాదు. నిజమూ కాదు.

"మధ్యలో జల్లెడ ఉంది కాబట్టి ఇవి ఒంట్లోకి పోలేదు. అక్కడే అడ్డం పడి మందుని ఆపేసినాయి. పొద్దుటి నుంచి మావకి సుక్క కూడా సరిగా అందలేదు."

"అంటే మందు సెడ్డదేనా?" గోవింద్ గొంతు లేచింది. "ఎండలో స్కూటీ డిక్కీలో ఏసి తెచ్చుంటావు ఒదినా!"

"లేదురా. భుజాన సంచిలో, నీడనే తెచ్చినాను."

"మరైతే ఆ పలుకులు ఎలగొచ్చినాయి? ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?"

ఉష మళ్ళీ డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన మాటలు గదిలో అందరికీ వినపడ్డాయి.

"పలుకులు కట్టిందంటే తయారీలోనే తేడా వచ్చి ఉండాలమ్మా. అదే రోజు నింపినవి ఇంకెవరికి ఇచ్చాం?"

"జగదాంబ గారికి సార్. నరసన్నపేట."

"వాళ్ళకి ఫోన్ చేసి వెంటనే తీసేయమనండి. కొత్తవి నింపడానికి టైము పడుతుంది. రేపటికి గానీ అందవు."

"సార్, ఆవిడకి ఎముకల్లో నొప్పి. మందు లేకపోతే పక్క మీద కదలడానికి కూడా లేదు."

"చెడ్డ మందు ఉంచలేం కదమ్మా."

ఉష ఫోన్ పెట్టేసి లక్ష్మణమ్మ వైపు తిరిగింది. "అత్తా, మీ దగ్గర ఇంకో బుడ్డి ఉండాలి కదా. అదీ ఒకసారి సూస్తాను. తెస్తావా?"

గోవింద్ గోడ గూట్లో చెయ్యి పెట్టి తడిమాడు. "ఇక్కడ లేదే?"

"ఉన్నాది. నాను తెస్తాను," అని లక్ష్మణమ్మ పెరట్లోకి నడిచింది.

పెరటి వసారాలో తెల్లటి ఐసు పెట్టె. అదే ఆమె షాపు, అదే ఆమె సంసారం. రేవులో చేప కొని, ఐసు పరిచి, నరసన్నపేట సంతకి మోసుకెళ్ళి అమ్ముతుంది. ఎండలో చేప ఎంతసేపు నిలుస్తుందో, ఏ చేపకి ఎంత ఐసు పట్టాలో ఆమెని అడిగి తెలుసుకోని ఆడమనిషి ఆ వాడలో లేదు. వెనక వీధి అసిరమ్మ షుగరు ఇంజెక్షన్లు కూడా ఫ్రిజ్జులోనే కదా పెట్టుకుంటుంది! ఈ ఎండల్లో, కరెంటు ఉండీ ఉండని ఇంట్లో, అంత ఖరీదైన మందుని గోడ గూట్లో పడేస్తారా ఎవరైనా?

ఉష మాత్రం బుడ్లు ఇచ్చిన రోజే చెప్పింది. "ఇది బాగా చిక్కటి మందు అత్తా. గదిలో నీడన ఉంటే సాలు. సల్లబడితే గడ్డకట్టీస్తాది. ఐసు తగలనీకు."

అదిగో, ఆ చివరి మాట దగ్గరే లక్ష్మణమ్మకి మండింది. ఐసు గురించి తనకి చెబుతుందా! చేప ముట్టుకుంటే చెయ్యి కడుక్కునే ఈ పట్నం మనిషి, ఐసు గురించి, తనకి! ఇంకెవరు ఆ మాట అన్నా వినేదేమో. ఉష అంది కాబట్టి వినలేదు. ఉష వెళ్ళగానే రెండు బుడ్లూ గుడ్డలో చుట్టి ఐసులో పెట్టేసింది.

నిన్న ఉష ఫోన్ చేసి, వేరే ఊళ్ళో పని ఉంది, పొద్దెక్కాక వచ్చి మారుస్తాను, పాతదాంట్లో మందు అందాకా సరిపోతుంది అంది. "నీ కోసం సూడక్కర్లేదు. నాకూ వొచ్చు," అంది లక్ష్మణమ్మ. ఉష గోవింద్‌కి నేర్పుతున్నప్పుడు గుమ్మంలో నిలబడి అంతా చూసి పెట్టుకుంది మరి. తెల్లారేసరికి బుడ్డి తుడిచి, గొట్టం తగిలించి, సంచిలో పెట్టి మొగుడి పక్కన వేలాడదీసింది. ఆ క్షణాన ఆమెకి కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు మూత తీసి ఐసులో చెయ్యి పెట్టింది. వంజరం చేపల కింద గుడ్డ మూట తగిలింది. విప్పి చూసింది. బుడగలో సగం తెల్లగా గడ్డకట్టి ఉంది.

చీర చెంగుతో గబగబా తుడిచింది. అరచేతుల మధ్య రుద్దింది. రవికలోకి దోపుకుని వెచ్చబరచాలని చూసింది. పలుకులు కరగలేదు.

లోపల్నుంచి గోవింద్ గొంతు వినపడింది.

"ఇంక మా ఇంటికి నువ్వు రావద్దు ఒదినా. ఏరే నర్సుని పంపమని నానే ఆసుపత్రిలో అడుగుతాను."

లక్ష్మణమ్మకి సంతోషమేసింది. మొగుడు అవతల ప్రాణం విలవిల్లాడుతుంటే ఇవతల ఆమెకి నిజంగానే సంతోషమేసింది. ఇన్నాళ్ళూ ఎవరి నోట వినాలనుకుందో ఆ మాట, కొడుకు నోటే వచ్చింది. తనేం చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు.

ఉష గోవింద్‌తో వాదించలేదు. ఎవరికో ఫోన్ చేస్తోంది.

"జగదాంబ గారి అబ్బాయేనా? నేను ఉషని. అమ్మకి పెట్టిన బుడ్డి తీసేయాలి బాబూ... తెలుసు, నొప్పి వస్తుంది. ఒక్క రాత్రి ఎలాగైనా ఓర్చుకోమనండి... నన్ను తిట్టండి, ఫరవాలేదు. ముందు గొట్టం మూసేయండి."

ఒక్క రాత్రి. పొద్దుటి నుంచి ఇప్పటివరకూ ఉన్న నెప్పి ఎలా ఉంటుందో లక్ష్మణమ్మ కళ్ళారా చూసింది. మొహం ఎరగని ఆ ముసలావిడ తనకేం చేసింది? 

బుడ్డి చేత్తో పట్టుకుని, నీళ్ళు కారుతుండగానే లోపలికి వచ్చింది.

"ఫోన్ పెట్టీ."

"ఒక్క నిమిషం అత్తా..."

"పెట్టీమంటన్నాను! అది తియ్యొద్దని సెప్పు ఆళ్ళకి. మందు సెడ్డది కాదు. నాను సెడగొట్టినాను." బుడ్డి ఉష చేతిలో పెట్టింది. "ఐసులో ఎట్టినాను. రెండూ."

 బుడ్డి మీంచి కారిన నీళ్ళు గచ్చు మీద పడుతున్నాయి.

ముందు తేరుకున్నవాడు గోవింద్. అంతసేపూ ఉష మీద ఎగిరిన కోపం ఎక్కడ దాచుకోవాలో తెలియక తల గోక్కున్నాడు. "ఓలమ్మా... ఐసులోనా? సేపల్ని ఎట్టినట్టు ఎట్టీసినావా?" ఉష వైపు తిరిగాడు. "తెలీక సేసింది ఒదినా. మనోళ్ళకి ఏదైనా పాడవకుండా ఉండాలంటే ఐసే గదా. పాపం, అమ్మకేటి తెలుస్తాది?"

ఉష లక్ష్మణమ్మ కళ్ళలోకి చూసింది.  ఐసు తగలనీకని చెప్పానని ఉష ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు. కొడుకు ముందు తను ఏమైపోతుంది?

"అవునురా," అంది ఉష నెమ్మదిగా. "తెలీక."

ఆ వెంటనే నరసన్నపేటకి ఫోన్ చేసి, బుడ్డి అలాగే ఉంచమని చెప్పింది. డాక్టరుకీ చెప్పింది. అదే రోజు నింపింది ఆసుపత్రిలో ఇంకొకటి ఉందని, ఎవరైనా వస్తే ఇస్తానని ఆయన అన్నాడు. గోవింద్ బండి తాళం తీసుకున్నాడు.

"ఎండ తగలనీకు, ఐసు తగలనీకు," అంది ఉష.

"నాను మోసుకొచ్చేది సేపలు కాదులే ఒదినా," అని గోవింద్ నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆపేసి వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు, మగత నిద్రలో ఒక మగవాడు మిగిలారు.

"ఎందుకు సెప్పలేదే ఆడితో?" లక్ష్మణమ్మ గొంతు కరుకుగా వచ్చింది. "నాకు సెప్పినావు గదా, ఐసు వొద్దని. సెప్పీవలసింది."

"సెప్తే ఏటొస్తాది అత్తా?"

"నీ దయ నాకక్కర్లేదు. నా మొగుడు నీ సేతిలో, నా కొడుకు నీ మాటలో, ఇప్పుడు నా తప్పు కూడా నీ సంచిలోనే ఎట్టుకుంటావేటి?"

ఉష గుడ్డ తీసుకుని గచ్చు మీది నీళ్ళు తుడిచింది. అది కూడా లక్ష్మణమ్మకి గొప్ప చూపించుకోవడంలాగే కనిపించింది.

"లచ్చీ."

ఇద్దరూ మంచం వైపు తిరిగారు. గంగులు కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఇంజెక్షను పనిచేసినట్టుంది. మొహంలో బిగువు వదిలింది.

"ఉష గుంటని తిట్టకు. బుడ్డి సల్లగా తగిలింది నాకు, పొద్దున్న."

లక్ష్మణమ్మకి అర్థం కాలేదు. "ఏటి?"

"డొక్కకి తగిలింది. ఐసులోంచి తీసినావని అప్పుడే తెలిసింది. ఐసు సల్లదనం నాకు తెలీదేటి? ఐసు కూడదని ఉష సెప్పడం కూడా ఇన్నాను."

"మరి... మరి నోరిప్పలేదేం? నెప్పి మొదలైనప్పుడైనా సెప్పొచ్చు గదా!"

గంగులు ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. నవ్వులాంటిదేదో పెదాల మీదికి వచ్చింది.

"నీ అంతట నువ్వే మార్సినావు గదా. ఎంత సంబరపడిపోనావో. అలగ నిన్ను సూసి ఎన్నాళ్ళయింది! తీసీమంటే నీ మొకం ఎలగైపోతాదో నాకు తెలుసు. ఓర్సుకుందామనుకున్నాను." కళ్ళు మూసుకున్నాడు. "ఉషొస్తే అదే సూసుకుంటాది, నాను సెప్పక్కర్లేదనుకున్నాను. ఈలోగా... ఓర్సుకోలేకపోనాను లచ్చీ."

మళ్ళీ మగతలోకి జారిపోయాడు.

లక్ష్మణమ్మ అక్కడ నిలబడలేకపోయింది. బయటి వసారాలోకి వచ్చి గోడకి చేరగిలబడి కూలబడింది. ఇన్నాళ్ళూ మొగుడు తనని చూడడం లేదని ఏడ్చింది. చూస్తూనే ఉన్నాడు. పొద్దున ఆమె మొహంలో ఉన్నదేదో పోకూడదని ఒళ్ళు కాలిపోతున్నా పళ్ళ బిగువున పడున్నాడు. ఇంత ప్రేమ తనకి కావాలని కోరుకుంది నిజమే. కానీ ఈ రేటుకి కాదు. కళ్ళలో నీళ్ళు కూడా రాలేదు. సిగ్గేసింది.

కాసేపటికి ఉష సంచి సర్దుకుని వచ్చింది.

"గోవిందు బుడ్డి తెచ్చేదాకా ఉంటాను. తగిలించి ఎల్లిపోతాను. రేపటి నుంచి ఏరే నర్సుని పంపమంటానులే అత్తా. నాను రావడం నీకు కష్టంగా ఉన్నాది. నాకు తెలీకుండా ఏటీ లేదు."

ఒక్క గంట ముందైతే ఈ మాట చెవుల్లో అమృతం పోసినట్టుండేది.

"వద్దు," అంది లక్ష్మణమ్మ.  "నువ్వే రా. రావడం కాదు, ఇక్కడే ఉండిపో. మంచం ఏస్తాను."

"గోవిందు అనమన్నాడా?"

"ఎవులూ అనలేదు. నానే. నువ్వంటే నాకు కడుపుమంటే. ఇప్పటికీ ఉన్నాది. అయినా ఉండు."

ఉష సంచి కింద పెట్టింది.

"ఉంటాను. కానీ అత్తా, నాను వస్తూ ఎన్నాళ్ళయిందో సూడు. మావ నాతో ఏటన్నాడని అడిగినావు. నాను ఎందుకు నవ్వినానని అడిగినావు. అంతసేపు నాడి ఎందుకు పట్టుకున్నావని కూడా అడిగినావు. ఇలాంటి ఇళ్ళలో అందరూ మొదట అడిగే మాట ఒకటుంటాది. అది మాత్రం నువ్వు ఇప్పటిదాకా అడగలేదు."

"ఏటది?"

ఉష లోపలి మంచం వైపు చూసింది.

 ఇన్నాళ్ళూ లక్ష్మణమ్మ కళ్ళు ఉష చేతుల మీద, ఉష నవ్వు మీద, ఉష వచ్చే వేళ మీదే ఉన్నాయి. కాపలా కాయడానికి ఉష ఒకతె దొరికింది కాబట్టి, మొగుడి మొహం రోజురోజుకీ ఎలా అయిపోతోందో చూడవలసిన పని తప్పింది. ఎవరో వచ్చి పట్టుకుపోతారనే భయంలో పడి, అసలు పోయేదేమిటో మరిచిపోయింది. మరిచిపోవడానికే అంత అసూయ పడిందేమో కూడా.

లోపల గంగులు నిద్రలో ఏదో గొణిగాడు. ఇద్దరూ చెవులు రిక్కించారు. మళ్ళీ సద్దుమణిగింది.

లక్ష్మణమ్మ తడి ఆరని చేతులు చీరకి తుడుచుకుంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఇంకెన్నాళ్ళే, ఉషా?"

ఉష లేచి వెళ్ళి, గంగులు పడుకున్న గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి వచ్చి, ఆమె పక్కన కూర్చుంది.